టెస్టుకి ముందు ఆ హ్యాండ్‌వీల్ ముట్టుకోవద్దు

అణు విద్యుత్ కేంద్రం ఉన్న కల్పాక్కం పేరెత్తితే చాలు, మద్రాసులో ఉండే మనవాళ్ళు యురేనియం, రేడియేషన్, బాంబు దాకా వెళ్ళిపోతారు. మొన్న నెల్లూరు నుంచి వచ్చిన మా బాబాయి కూడా అంతే, మహాబలిపురం చూపిద్దామని ఈసీఆర్ మీద తీసుకెళ్తుంటే కల్పాక్కం బోర్డు చూసి "ఒరేయ్, అక్కడేమన్నా అయితే మీ గతేంట్రా" అన్నాడు, నేనేమో వాల్వుల గురించి మొదలుపెట్టా, ఆయన కాసేపు విని ఫోన్ తీసేశాడు. అంబత్తూరులో వాల్వుల టెస్టింగే నా ఉద్యోగం, మావి న్యూక్లియర్‌వి కావు, రిఫైనరీలకీ కెమికల్ ప్లాంట్లకీ వెళ్ళే సరుకు, కానీ న్యూక్లియర్ వాళ్ళు వాల్వుని ఎలా పరీక్ష చేస్తారో చదవడం నాకో పిచ్చి. బాబాయి వినని మిగతా సగం ఇక్కడ రాసేస్తున్నా. నేను చెప్పేవి ఎక్కువగా అమెరికా రూల్సే, అవి ఎవరైనా చదువుకునేలా బయటే ఉంటాయి కాబట్టి.

కంటైన్‌మెంట్ అంటే రియాక్టర్ చుట్టూ కట్టే ఆ మందపాటి కాంక్రీటు బిల్డింగు. గోడ గట్టిదే, గొడవంతా కన్నాలతోనే. పైపులు, వెంటిలేషన్ డక్టులు, కేబుళ్ళు, మనుషులు వెళ్ళే ఎయిర్‌లాక్, అన్నీ ఆ గోడలోంచే పోవాలి కదా. పైపు గోడ దాటేచోట మామూలుగా లోపలివైపు ఒక వాల్వు, బయటివైపు ఇంకో వాల్వు పెడతారు, వీటినే ఐసొలేషన్ వాల్వులు అంటారు, లోపల ఏదన్నా పగిలితే సిగ్నల్ వచ్చి ఇవి మూసుకోవాలి, ఒకటి మొరాయించినా రెండోది ఉంటుందని ధీమా.

మరి నిజంగా మూసుకుంటాయని ఎలా తెలుస్తుంది? అమెరికాలో దీనికి అపెండిక్స్ జె అని ఒక రూలుంది, అందులో టెస్టులు మూడు రకాలు. టైప్ ఎ అంటే మొత్తం బిల్డింగుని కంప్రెసర్లతో గాలి కొట్టి ఎంత లీకవుతోందో చూడటం, అది పెద్ద తతంగం, కాబట్టి ఏళ్ళకోసారి చేస్తారు. టైప్ బి గాస్కెట్లకీ ఎయిర్‌లాకులకీ. టైప్ సి మన వాల్వులకి: వాల్వు మూసి, లైన్లో నీళ్ళు ఖాళీ చేసి, ప్రమాదంలో బిల్డింగు లోపల ఎంత ప్రెషర్ రావచ్చని లెక్క కట్టారో అంత ప్రెషర్‌తో గాలో నైట్రోజనో ఎక్కించి, ఎంత కారుతోందో కొలుస్తారు. బి, సి రెండిట్లో వచ్చిన లీకులన్నీ కూడితే బిల్డింగు మొత్తానికి అనుమతించిన లీకులో 60 శాతం దాటకూడదు. మొత్తం అనుమతి ఎంతంటారా, చాలా ప్రెషరైజ్డ్ వాటర్ (నీళ్ళని మరగనీయకుండా ప్రెషర్లో ఉంచే రకం రియాక్టర్) ప్లాంట్లలో రోజుకి లోపలున్న గాలి బరువులో 0.1 శాతం చుట్టుపక్కలే. అంటే సున్నా లీకు అని ఎవరూ అనట్లేదు, ఇంత దాటకూడదు అంటున్నారు. నాకు ఈ నిజాయితీ నచ్చుతుంది.

అసలు నాకు నచ్చిన లైను ఇంకోటుంది. టైప్ సి టెస్టుకి వాల్వుని మామూలుగా ఎలా మూస్తారో అలాగే మూయాలి, ముందు రెండుమూడుసార్లు తెరిచి మూసి అలవాటు చేయకూడదు, మోటార్ మూశాక చేత్తో ఇంకాస్త బిగించకూడదు అని అందులో రాసుంది. చదవగానే నవ్వొచ్చింది, ఎందుకంటే ఏ ఫిట్టర్ని చూడండి, గేజి ముల్లు కొంచెం దిగుతోందంటే చెయ్యి దానంతటదే హ్యాండ్‌వీల్ (వాల్వుని చేత్తో తిప్పే చక్రం) మీదకి పోతుంది, ఇంట్లో కారుతున్న కుళాయిని ఇంకో పావు తిప్పు తిప్పినట్టే. మా షాపులోనూ లీకవుతున్న వాల్వుని అలా నొక్కేసి ఓకే అనిపించాలని చూసేవాళ్ళున్నారు, కొత్తవాళ్ళే అనుకోకండి. కానీ ప్రమాదం రోజున కంటైన్‌మెంట్ లోపలికి వెళ్ళి పావు తిప్పు తిప్పే మనిషి ఉండడు కదా. అందుకే రిపేరుకి ముందు ఉన్నది ఉన్నట్టు ఒకసారి కొలిచి రాసుకుంటారు, రిపేరయ్యాక మళ్ళీ కొలుస్తారు. ముందే బాగుచేసి తర్వాత కొలిస్తే ఇన్నాళ్ళూ అది మూసుకునే స్థితిలో ఉందో లేదో ఇక ఎప్పటికీ తెలీదు. నన్నడిగితే రెండో అంకెకన్నా మొదటిదే విలువైంది.

ప్యానెల్ మీద లైటు చూసి సరే అనుకుంటే ఏమవుతుందో 1979 మార్చి 28న అమెరికాలోని త్రీ మైల్ ఐలండ్ అణు ప్లాంటులో తేలింది. అక్కడ ప్రెషరైజర్ (రియాక్టర్ నీళ్ళ ప్రెషర్‌ని నిలిపే ట్యాంకు) మీదున్న రిలీఫ్ వాల్వు తెరుచుకుని ఇరుక్కుపోయింది (అది కంటైన్‌మెంట్ వాల్వు కాదు, కానీ కథ పనికొస్తుంది), లైటేమో మూసుకుందన్నట్టే చూపించింది, ఎందుకంటే ఆ లైటు చెప్పేది వాల్వుకి కరెంటు అందుతోందా ఆగిందా అన్నదే, వాల్వు నిజంగా ఎక్కడుందో కాదు. రెండు గంటలు దాటాక గానీ దాని వెనకున్న బ్లాక్ వాల్వు మూయలేదు. పైగా కంటైన్‌మెంట్ కూడా వెంటనే ఐసొలేట్ కాలేదు, బిల్డింగులో ప్రెషర్ ఓ స్థాయికి పెరిగితేనే ఆ సిగ్నల్ వచ్చేలా పెట్టారు, ఈలోగా పంపులు సంపులో చేరిన నీళ్ళని పక్క బిల్డింగుకి తోడేశాయి. ఐసొలేషన్ వాల్వుల్లో లోపం లేకపోయినా మూసుకోమని చెప్పేవాడు లేడన్నమాట.

ఇంకో కథ 1985 జూన్ 9న ఒహాయో రాష్ట్రంలోని డేవిస్-బెస్సీ అణు ప్లాంటులో. సహాయక ఫీడ్‌వాటర్ లైన్ల (స్టీమ్ జెనరేటర్లకి అత్యవసరంగా నీళ్ళు పంపేవి) వాల్వులు పొరపాటున మూసుకున్నాయి, మళ్ళీ తెరవబోతే తెరుచుకోలేదు, బలం ఎక్కువైతే మోటార్ని ఆపేసే టార్క్ స్విచ్‌ని తెరిచే మొదట్లో పక్కనపెట్టాల్సిన బైపాస్ సెట్టింగ్ తేడాగా ఉండి, రెండువైపులా ప్రెషర్ తేడా ఎక్కువున్నప్పుడు మోటార్ ఆగిపోయింది, చివరికి మనుషులు పరిగెత్తి చేత్తో తెరవాల్సొచ్చింది. ప్రెషర్ లేనప్పుడు తిప్పితే చక్కగా తిరిగే వాల్వే! తర్వాత అమెరికా వాళ్ళు గేట్ వాల్వుల్ని నిజమైన ఫ్లోలో పెట్టి చూస్తే కొన్నిటికి ఫార్ములా చెప్పినదానికన్నా ఎక్కువ తోసే బలం కావాల్సొచ్చింది. 1989లో ప్లాంట్లన్నిటికీ జెనరిక్ లెటర్ 89-10 అనే ఉత్తరం పంపి, భద్రతకి సంబంధించిన మోటార్ వాల్వులన్నీ వీలైనంతవరకు అసలు పరిస్థితుల్లో నిరూపించండి అన్నారు. ఈ పని సంవత్సరాలు పట్టింది.

ఫుకుషిమా మాత్రం నన్ను ఇప్పటికీ ఇబ్బంది పెడుతుంది. 2011లో సునామీ నీళ్ళకి కరెంటు పోయింది, యూనిట్ 1లో బ్యాటరీలు కూడా. అక్కడ ఐసొలేషన్ కండెన్సర్ అని కరెంటు లేకుండానే వేడి తీసే ఏర్పాటుంది, కానీ కంట్రోల్ కరెంటు పోవడంతోనే ఎక్కడో పైపు పగిలిందేమో అన్నట్టు వాల్వులకి మూసుకోమనే సిగ్నల్ వెళ్ళింది. సేఫ్ అని పెట్టిన లాజిక్కే కూలింగ్‌ని ఆపింది. మళ్ళీ కంటైన్‌మెంట్‌లో ప్రెషర్ తగ్గించడానికి వెంట్ తెరవాలంటే మోటార్‌కి కరెంటు లేదు, గాలితో తెరిచేదానికి గాలి లేదు, మనుషులు చీకట్లో రేడియేషన్‌లోకి వెళ్ళి ఒక వాల్వుని చేత్తో పావు వంతు తెరిచి వచ్చారు, ఇంకోదాని దగ్గరికి డోసు ఎక్కువై వెళ్ళలేకపోయారు, ఆ తర్వాత ఎక్కడినుంచో పోర్టబుల్ కంప్రెసర్ తెచ్చుకున్నారు.

మూసుకుంటుందా అని టెస్టు చేయడానికి మన దగ్గర పద్ధతులు చాలా ఉన్నాయి. మూసుకోకూడని రోజున తెరిచే ఉంటుందా, చేతికి అందుతుందా అన్నది మాత్రం టెస్ట్ బెంచి మీద గేజి పెట్టి చూసేది కాదు, అది డ్రాయింగ్ దశలోనే ఎవరో ఒకరు మొండిగా అడగాలి.