బాబాయి దింపు లెక్కలు

ఆదివారం, అంబాజీపేట.

బాబాయి ల్యాప్‌టాప్‌లో ఉన్నది విండోస్ 10. 2025 అక్టోబర్ 14తో దాని మద్దతు ఆగిపోయింది. విండోస్ 11 వేద్దామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ అడుగుతుంది, ఈ పాత మిషన్లో అది లేదు. కొబ్బరి దింపు లెక్కలు, వలుపు కూలీ రాసుకోడానికి కొత్తది కొనడమెందుకు, విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వేస్తానన్నాను. నిన్న రాత్రే ఫోన్ హాట్‌స్పాట్ మీద దాని ఐఎస్‌ఓ, అంటే సిస్టమంతా ఉన్న ఒకే ఫైలు, దించి (దాదాపు 3 జీబీ, తెల్లారింది) పెన్‌డ్రైవ్‌కి ఎక్కించాను. ఇంజనీరింగ్ రోజుల్లో ఉబుంటు అనే ఇంకో లినక్స్ సీడీ ఉచితంగా పోస్టులో ఇంటికొచ్చేది. 2011లో ఆపేశారు.

పెన్‌డ్రైవ్ నుంచి మొదలెట్టే మెనూ కోసం ఆన్ చేస్తూనే ఎఫ్12 కొట్టాను, విండోసే వచ్చింది. ఎఫ్2తోనూ లాభం లేదు. చివరికి ఎస్కేప్‌కి లొంగింది. మెనూలో పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనిపించింది, ఒకదాని ముందు యూఈఎఫ్ఐ (మిషన్ మొదలయ్యే కొత్త పద్ధతి) అని ఉంది. అదే నొక్కాలి. ఇదివరకోసారి రెండోది నొక్కి పూటంతా పోగొట్టుకున్నాను.

డెస్క్‌టాప్ వచ్చింది.

"అప్పుడే ఎక్కిపోయిందేంట్రా?"

"లేదు బాబాయ్, పెన్‌డ్రైవ్ మీదే నడుస్తోంది. మీ డిస్క్ జోలికి పోలేదు. వైఫై, సౌండు, ప్రింటరు బాగుంటేనే వేద్దాం."

"అంటే పెళ్ళిచూపులన్నమాట," అన్నాడు పిన్ని వైపు చూస్తూ. పిన్ని పట్టించుకోలేదు.

అసలు ముక్క చెప్పకుండానే భోజనానికి లేచాను, తప్పు నాదే. తిరిగొచ్చేసరికి బాబాయి నోటుబుక్కు ముందేసుకుని ఈ ఏడాది దింపులన్నీ ఎక్సెల్ లాంటి క్యాల్క్‌లో ఎక్కించేశాడు. మెచ్చుకునేలోపు కరెంటు పోయింది. బ్యాటరీ ఏనాడో చచ్చింది.

"సేవ్ కొట్టాను కదరా!"

కొట్టాడు. కానీ లైవ్‌లో, అంటే ఇలా పెన్‌డ్రైవ్ మీద నడిపేటప్పుడు, ఆ డెస్క్‌టాపూ, అందులో దాచిన ఫైలూ అన్నీ ర్యామ్‌లోనే ఉంటాయి. కరెంటుతో పాటే పోయాయి. ఆ మాట చెబుతుంటే బాబాయి నన్ను చూసిన చూపు రాయను.

అదే కరెంటు డిస్క్ చెరిపాక, ఇన్‌స్టాల్ సగంలో పోయుంటే పాతదీ ఉండేది కాదు, కొత్తదీ ఉండేది కాదు. అందుకే సాయంత్రం మిషన్ని ఇన్వర్టర్ ఉన్న ఎదురింటికి మోసుకెళ్ళాం. ఫొటోలు, ఫైళ్ళు ముందే వేరే డిస్కులోకి తీసుంచాను. అరగంట లోపే అయిపోయింది. పెన్‌డ్రైవ్ తీసి ఎంటర్ కొట్టమంది.

బాబాయి ఒకే ఒక్క వరస రాసి, సేవ్ చేసి, ఆపి, మళ్ళీ పెట్టాడు. ఉంది. మళ్ళీ ఆపాడు. ఉంది. మూడోసారికి పిన్నిని పిలిచి చూపించాడు.

నోటుబుక్కు మాత్రం ఇంటికొచ్చాక బీరువాలో పెట్టి తాళం వేశాడు.