పెట్రోలుకు మూడు కొటేషన్లు

నిన్న సాయంత్రం మా ప్రాజెక్టు బడ్జెట్ మీద ప్రిన్సిపాల్ గారి సంతకం పడింది. కోపం చల్లారకముందే రాసేయాలని కూర్చున్నాను. చల్లారితే నేను కూడా "పోనీలే, అకౌంట్స్ సార్ డ్యూటీ ఆయన చేశాడు" అనేస్తాను.

మేం కర్నూలులో బీకాం ఫైనలియర్. మా కాలేజీలో ప్రాజెక్టు అంటే జిరాక్స్ షాపులో దొరికే పాత రిపోర్టుకు పేర్లు మార్చి స్పైరల్ బైండింగ్ చేయించడమే. మాకు కాస్టింగ్, అంటే ఖర్చుల లెక్కల పేపర్ చెప్పే మేడం మాత్రం "నిజంగా డబ్బు ఖర్చయ్యే పని ఏదైనా తీసుకోండి, ప్రతి రూపాయికీ లెక్క చెప్పండి" అన్నారు. మా ఊరి పక్కనుంచే 44వ నంబరు జాతీయ రహదారి పోతుంది. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా, దేశంలోకెల్లా పొడవైన హైవే. మా నాన్న ఇప్పటికీ దాన్ని పాత నంబరుతో ఎన్‌హెచ్ 7 అనే అంటాడు. కర్నూలు నుంచి శ్రీనగర్‌కు కారులో రానూపోనూ ఎంతవుతుందో ముందు లెక్క కట్టాలి, పరీక్షలయ్యాక నలుగురం నిజంగానే వెళ్లి రావాలి, వేసిన లెక్కకీ అయిన ఖర్చుకీ తేడా ఎక్కడొచ్చిందో రిపోర్టులో చూపించాలి. ఇదీ మా ప్రాజెక్టు. పెట్రోలు ఖర్చు కాలేజీది, మిగతాది మాది.

దూరం లెక్క సులువు. పోవడానికి సుమారు 2,600 కిలోమీటర్లు, రావడానికి అంతే. ఊళ్లలో తిరగడానికి ఇంకో 500 కలిపాం. కంపెనీవాళ్లు చెప్పే మైలేజీ నమ్మకుండా లీటరుకు 15 వేసుకుంటే 380 లీటర్లు. పెట్రోలు ధర ప్రతి రాష్ట్రంలో ఒక్కోలా ఉంటుంది. మేం లెక్క కట్టినప్పుడు హైదరాబాద్‌లో 107 పైన, ఢిల్లీలో 95 లోపు. సగటున 101 వేస్తే దాదాపు 38,400 రూపాయలు తేలింది. తిండి, లాడ్జి లెక్కలు ఇళ్లలో అమ్మలు సరిదిద్దారు, వాటి గురించి చెప్పేదేం లేదు.

టోల్ విషయంలో మాత్రం మా తెలివిని మెచ్చుకోవాలి. 2025 ఆగస్టు 15 నుంచి ఫాస్టాగ్ వార్షిక పాస్ వచ్చింది. మేం చూసినప్పుడు 3,000 రూపాయలు. 200 టోల్ గేట్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది. రానూపోనూ గేట్లన్నీ విడిగా కట్టుకుంటూ పోతే ఈ మొత్తం ఎప్పుడో దాటిపోతుంది. అయితే సొంత బండికే ఇస్తారు. సెల్ఫ్ డ్రైవ్‌కు అద్దెకిచ్చే నల్ల నంబరు ప్లేటు కార్లు కమర్షియల్ కింద లెక్క, వాటికి రాదు. అందుకే మావాడి బాబాయిని బతిమాలి ఆయన కారు ఒప్పించాం. ఇంకో సంగతి, పాస్ రాష్ట్రాల రోడ్ల మీద చెల్లదు. హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డుకు వేరే కట్టాలి. ఆగ్రా దాటాక మ్యాప్ యమునా ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కమంటుంది, అక్కడా పాస్ పనిచేయదు. మథుర మీదుగా పాత దారిలోనే పోతే చాలు.

ఇక్కడిదాకా మేడం చూసి "బాగుంది" అన్నారు. ఆ ఫైలు పట్టుకుని అకౌంట్స్ సెక్షన్‌కు వెళ్లాం.

ఫీజులు కట్టే రోజులు. కిటికీ ముందు ఫస్టియర్ పిల్లల క్యూ. లోపలున్న సార్ ఫైలు మీద "రోడ్ ట్రిప్" అన్న మాట చదివి, అందరికీ వినపడేలా "ట్రిప్పులకు కాలేజీ డబ్బులా? హనీమూన్‌కు కూడా అడుగుతారేమో రేపు" అన్నాడు. క్యూ అంతా నవ్వింది. మేడం సంతకం చూపిస్తే, ఐదు వేలు దాటిన దేనికైనా మూడు కొటేషన్లు కావాలి, లెటర్‌హెడ్ మీద, స్టాంపుతో అన్నాడు.

పెట్రోలుకు కొటేషన్ ఏంటని అడగాల్సింది. అడగకుండా బంకులకు పోయాం. మొదటి బంకు మేనేజరు నోట్లో వక్కపొడి పెట్టుకోబోతూ ఆగి మా మొహాలు చూశాడు. "ఏంది అబ్బీ, పెట్రోలుకు కొటేషనా? రోజూ పొద్దున ఆరింటికి రేటు మారుతాది. నేనేం రాసియ్యాల?" పక్కన గాలి కొట్టే కుర్రాడు కూడా నవ్వాడు. నిజమే, 2017 జూన్ నుంచి రేటు ఏ రోజుకారోజు లెక్కే. చివరికి "ఈ రోజు రేటు ఇది" అని రాసి స్టాంపు వేసిచ్చాడు. మిగతా రెండు బంకుల్లోనూ ఇదే వరస. మూడు కాగితాల్లో రేట్ల తేడా పైసల్లో ఉంది.

సార్ వాటిని ముందేసుకుని కంపారిటివ్ స్టేట్‌మెంట్, అంటే మూడు రేట్లూ పోల్చే పట్టీ రాయమన్నాడు. తక్కువ కోట్ చేసిన బంకును ఎల్1 అని తేల్చి "ఇక్కడే కొట్టించుకోవాలి, బిల్లులన్నీ ఈ బంకువే ఉండాలి" అన్నాడు. శ్రీనగర్ దాకా! కారు ట్యాంకు 37 లీటర్లు. మిగతాది క్యాన్లలో మోసుకుపోవాలా సార్ అంటే "అది మీ ప్రాబ్లం" అన్నాడు. కర్నూలులో చిన్నపిల్లాడికి కూడా తెలిసిన విషయం, తుంగభద్ర వంతెన దాటితే తెలంగాణ, అక్కడ పెట్రోలు రెండు రూపాయల దాకా తక్కువ. మన దగ్గర పెట్రోలు మీద రాష్ట్రం వేసే పన్ను, వ్యాట్, 31 శాతం, దాని మీద లీటరుకు నాలుగు రూపాయలు, ఆపైన రోడ్డు సెస్ ఒక రూపాయి. మా ప్లానులో మొదటి ట్యాంకు వంతెన అవతలే అని రాసుకున్నాం. కాలేజీ డబ్బు మిగిల్చే మాట అది. "పక్క రాష్ట్రం బంకు చెల్లదు" అని ఎర్రపెన్నుతో కొట్టేశాడు.

అంతటితో అయిపోయినా బాగుండేది. మళ్లీ వెళ్తే కొటేషన్ల మీద జీఎస్టీ నంబరు, జీఎస్టీ రేటు లేవు, వాపసు అన్నాడు. పెట్రోలు జీఎస్టీలో లేదు సార్ అన్నాను. "నాకు జీఎస్టీ నేర్పిస్తావా? అసలు ఆ పేపర్ పాసయ్యావా నువ్వు?" ఈసారి క్యూలో మా జూనియర్లు ఉన్నారు. ఆ పేపర్‌లో క్లాసులో ఫస్ట్ నేనే. ఈ మాట అక్కడ అనలేకపోయాను కాబట్టి ఇక్కడ అంటున్నాను. లైబ్రరీకి పోయి జీఎస్టీ చట్టం తీసి, 9వ సెక్షన్ రెండో సబ్ సెక్షన్ ప్రింటు తెచ్చాను. క్రూడాయిల్, డీజిల్, పెట్రోలు, సహజవాయువు, విమాన ఇంధనం, ఈ ఐదింటికీ జీఎస్టీ కౌన్సిల్ సిఫార్సు మీద ప్రభుత్వం తేదీ ప్రకటించేదాకా జీఎస్టీ లేదని స్పష్టంగా ఉంది. ఆయన దాన్ని చదవకుండా పేపర్‌వెయిట్ కింద పెట్టి "చూద్దాం" అన్నాడు. ఆ 'చూద్దాం' కోసం కాళ్లరిగేలా తిరిగాం. ఒకసారి భోజనానికి వెళ్లాడన్నారు, ఒకసారి ఫైలు కనపడలేదన్నారు, ఒకసారి కిటికీ వెనకే ఉండి లేడనిపించాడు.

కాలేజీ లెక్కలు చూడ్డానికి ఆడిటర్ గారు వచ్చిన రోజు మా అదృష్టం పండింది. మేడం మమ్మల్ని వెంటబెట్టుకుని లోపలికి తీసుకెళ్లారు. ఆయన ఫైలు తిప్పుతూ, తల కూడా ఎత్తకుండా "పెట్రోలుకు జీఎస్టీ ఎక్కడిదండీ?" అన్నారు. మన సార్ వెంటనే "నేనూ అదే చెప్తున్నా సార్ పిల్లలకి" అన్నాడు. మేడం నా చెయ్యి పట్టుకుని ఆపకపోతే ఏమయ్యేదో.

ఆడిటర్ గారే దారి చూపించారు. కొటేషన్లు వద్దు, కిలోమీటరుకు ఇంత అని రేటు పెట్టుకోండి, బయల్దేరినప్పుడూ తిరిగొచ్చినప్పుడూ ఓడోమీటర్ ఫొటో తీయండి, లాగ్‌బుక్ రాయండి అన్నారు. ఆరు రూపాయల చొప్పున 5,200 కిలోమీటర్లకు 31,200 వచ్చింది. ఊళ్లలో తిరగడానికి కలిపిన 500 ఎగిరిపోయింది, పైన పడేది మేమే పంచుకోవాలి. ఫర్వాలేదు.

జూనియర్లూ, ఎప్పుడైనా ఇలాంటిది పెట్టుకుంటే టైటిల్లో ట్రిప్ అన్న మాట రానివ్వకండి, స్టడీ టూర్ అని రాయండి. కిలోమీటరు రేటు మొదటి రోజే అడగండి. సంతకం కావాలంటే మేడంని ముందు పెట్టుకుని వెళ్లండి, పిల్లలు ఒంటరిగా వెళ్తే ఆ కిటికీకి చెవులుండవు. జమ్మూ దాటి పోయేవాళ్లయితే బడ్జెట్‌లో ఒకటి రెండు రాత్రుల లాడ్జి అదనంగా వేసుకోండి. రాంబన్, బనిహాల్ మధ్య కొండచరియలు పడితే బండ్లు అక్కడే ఆపేస్తారు. 2025 ఆగస్టు చివర్లో వానలకు ఆ దారి రోజుల తరబడి మూతపడింది.

ఇప్పుడు మాలో మాకు గొడవ సిమ్ గురించి. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్మూ కశ్మీర్‌లో పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి. నలుగురివీ ప్రీపెయిడే. ఎవరిది మార్చాలో ఇంకా తేలలేదు. ఆ బిల్లు మాత్రం కాలేజీని అడగబోవడం లేదు.