పర్లాకిమిడి నుంచి న్యూస్ డెస్క్ దాకా: నా అనుభవం

నిన్న సాయంత్రం నాలుగింటికి అపాయింట్‌మెంట్ లెటర్ మెయిల్‌లో వచ్చింది. సబ్ ఎడిటర్ (వచ్చిన వార్తలు దిద్ది రాసే పని), ఒడిశా డెస్క్, విశాఖపట్నం. నెలకు 19,000, పీఎఫ్ వేరే. సోమవారం చేరాలి. అమ్మ దాన్ని జెరాక్స్ షాపులో ప్రింట్ తీయించి దేవుడి గూట్లో పెట్టింది. "మీ అమ్మాయి ఏం చేస్తోంది?" అని మూడేళ్లుగా అడిగిన చుట్టాలందరికీ పొద్దున్నుంచి ఫోన్లు చేస్తూనే ఉంది. ఈ వేడి చల్లారక ముందే రాసేద్దామని కూర్చున్నాను. ముందే నాకు ఎవరైనా నాలుగు మాటలు చెప్పి ఉంటే కనీసం ఏడాదిన్నర మిగిలేది.

మాది ఒడిశాలోని గజపతి జిల్లా. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. తెలుగు అక్షరాలు మామ్మ పలక మీద దిద్దించింది. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు నేను ప్లస్ టూలో ఉన్నాను. మా ఇంటి రేకులు రెండు ఎగిరిపోయాయి. తర్వాత ఇంటికొచ్చిన తెలుగు పేపర్లో శ్రీకాకుళం కొబ్బరితోటల గురించి పేజీ నిండా ఉంది. మా జిల్లా కొండల్లో బరఘర దగ్గర కొండచరియ విరిగిపడి మనుషులు పోయిన సంగతి కోసం మామ్మ కళ్లజోడు పెట్టుకుని పేపరంతా వెతికింది. "మన ఊసు ఏదే?" అని అడిగింది. విలేకరిని అవ్వాలని ఆ రోజే అనుకున్నాను.

డిగ్రీ అవగానే అందరిలాగే ఎంట్రన్సులు రాశాను. హైదరాబాద్‌లో పెద్ద పత్రికలు నడిపే జర్నలిజం స్కూళ్లకు రెండుసార్లు. ఒకసారి రాత పరీక్ష దాటాను, ఇంటర్వ్యూలో పోయింది. ఒడిశాలోనే ఢెంకనాల్‌లో 1993 నుంచి ఐఐఎంసీ అనే కేంద్ర ప్రభుత్వ జర్నలిజం సంస్థ ప్రాంగణం ఉంది, అక్కడ ఇంగ్లిష్, ఒడియా జర్నలిజం చెప్తారు. సీటు వస్తే ఫీజు ఎక్కడిదని నాన్న అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఈ పరీక్షల మీద నాకు కోపం లేదు. సీట్లు కొన్నే, రాసేవాళ్లు వేలల్లో. అది దాటకపోతే జర్నలిజంలోకి దారే లేదని నమ్మించిన మా లెక్చరర్ల మీదే కోపం.

తర్వాత నలభైకి పైగా మెయిల్స్ పెట్టాను. ఒక్క జవాబు రాలేదు. దాని గురించి ఇంతకంటే రాయడానికేం లేదు.

ఇక స్ట్రింగర్ సంగతి. అంటే జీతం లేకుండా, అచ్చయిన వార్తల లెక్కన డబ్బు తీసుకుని రాసే ఊరి విలేకరి.

2022 నవంబర్‌లో ఒక తెలుగు పత్రికకు ఆంధ్రా-ఒడిశా సరిహద్దు వార్తలు రాసే మనిషి కావాలని తెలిసింది. పేరు చెప్పను. ఇన్‌ఛార్జి నన్ను ఆంధ్రా వైపున్న పాతపట్నం రమ్మన్నారు. బస్టాండ్ ఎదురుగా టీ కొట్టు బల్ల మీద ఒక ఫారం పెట్టారు. అచ్చు వేసిన కాగితం, పేరు, ఊరు రాయడానికి చుక్కల గీతలు. దాని మీద ఇలా ఉంది: వార్తలు రాయడం నాకు అభిరుచి మాత్రమే, ఇది నా ప్రధాన వృత్తి కాదు, సంస్థ నుంచి జీతం గానీ ఉద్యోగ భద్రత గానీ కోరను. "ఫార్మాలిటీయేనమ్మా, అందరూ పెట్టేదే" అన్నారు. పెట్టాను. ఇంటికెళ్లి ఫోన్‌లో తీసుకున్న ఫొటో నాన్నకు చదివి వినిపించాను. నాన్న బట్టల కొట్లో గుమాస్తా. "అభిరుచి అంటే ఏటమ్మా, సరదాయా?" అన్నారు. అప్పటికి వారమే అయింది, నా సెకండ్‌హ్యాండ్ స్కూటీ కోసం అమ్మ గొలుసు తాకట్టు పెట్టి.

ఆ మాట అక్కడ ఊరికే రాయలేదని నాకు చాలా తర్వాత తెలిసింది. నేను సంతకం పెట్టినప్పుడు అమల్లో ఉన్న 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం ప్రకారం జర్నలిజమే ప్రధాన వృత్తిగా ఉండి, పూర్తికాలం గానీ పార్ట్‌టైమ్ గానీ పని చేసేవాళ్లు జర్నలిస్టులే. పార్ట్‌టైమ్ వాళ్లు కూడా! అందుకే 'ప్రధాన వృత్తి కాదు' అని మన చేత్తోనే రాయించుకుంటారు. పత్రికల సిబ్బందికి జీతాలు సిఫారసు చేసిన మజీఠియా వేజ్ బోర్డును 2014 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు సమర్థించిందని గొప్పగా చెప్పుకుంటారు గానీ, ఆ సంతకం పెట్టినవాడి దాకా ఆ తీర్పు రావడం నేనైతే చూడలేదు.

పని మాత్రం ప్రాణం పెట్టి చేశాను. వంశధారకు వరదొస్తే కింద హిరమండలంలోని గొట్టా బ్యారేజీ కంటే ముందు పైన మా జిల్లా కాశీనగర్‌లోనే నీటిమట్టం తెలుస్తుంది. వానాకాలమంతా రాత్రి పదకొండింటికి కూడా ఫోన్ చేసి కనుక్కుని రాసి పంపేదాన్ని. హిరమండలం వైపు వాళ్లకు అది ప్రాణావసరం. లైన్ అకౌంట్, అంటే అచ్చయిన వరసల లెక్కన డబ్బు. నాకు ఒక్క నెలలో ఎక్కువలో ఎక్కువ వచ్చింది 1,130 రూపాయలు. పెట్రోలుకే అంతకు రెండింతలు అయ్యేది.

సంక్రాంతి ముందు ఇన్‌ఛార్జి ఫోన్ చేశారు. "ఏమ్మా, పండగ యాడ్స్ టార్గెట్. నీ ఏరియాకి 20,000." నాకు రావండీ అన్నాను. "రాకపోతే వచ్చేవాళ్లని చూసుకుంటాం" అన్నారు.

ఎవరెవరిని అడగాలో జాబితా కూడా ఆయనే పంపారు. అందులో రెండో పేరు ఒక బియ్యం మిల్లు. సరిగ్గా నెల ముందు ఆ మిల్లు ఊక బూడిద పక్కనున్న బడిలోకి వచ్చి మధ్యాహ్న భోజనం పళ్లేల్లో పడుతోందని నేనే రాశాను. సింగిల్ కాలమ్, పదహారు వరసలు. నా జీవితంలో నేను గర్వపడిన మొదటి వార్త అది.

వెళ్లాను. వరండాలో కాళ్లు ఊగే ప్లాస్టిక్ కుర్చీలో రెండు గంటలు కూర్చోబెట్టారు. ఉప్పుడు బియ్యం ఉడికే వాసన, కాటా దగ్గర బస్తాలు లెక్కపెట్టే కేకలు. లోపలికి పిలిచాక ఆ మిల్లు ఆయన చాలా మర్యాదగానే "బూడిద గురించి రాసింది నువ్వే గదమ్మా?" అన్నారు. ఆయన బల్ల మీద అద్దం కింద నా వార్త కటింగ్ ఉంది. చక్కగా గీత మీద కత్తిరించి పెట్టుకున్నారు. అద్దం ఎత్తి తీసి నా చేతికిచ్చి, "ఓసారి పైకి చదువు, మా గుమాస్తా ఒరియా ఆయన, తెలుగు చదవడం రాదు" అన్నారు. గుమాస్తా, ఇద్దరు కళాసీలు, టీ తెచ్చిన కుర్రాడు. నిలబడి చదివాను. పదహారు వరసలూ. బడి పేరు దగ్గర గొంతు పట్టేసింది, మళ్లీ మొదట్నుంచి చదవమన్నారు. చదివాక కటింగ్ తీసుకుని అద్దం కింద పెట్టి, "ఇప్పుడు చెప్పమ్మా, నా ఫొటో ఎంత సైజులో వేస్తారు?" అన్నారు.

సైజులు చెప్పాను. రేట్లు చెప్పాను. 4,500 యాడ్ ఒప్పుకున్నారు. బయటికొచ్చి స్కూటీ స్టాండ్ తీయడానికి చేతులు రాలేదు. ఆ మిల్లు గుమాస్తా మా నాన్నకు పరిచయస్థుడని ఆ తర్వాత గుర్తొచ్చింది. రాత్రి భోజనాల దగ్గర నాన్న తలెత్తి నా వైపు చూడలేదు. నాకు ఇప్పటికీ తెలీదు, ఆయనకు చెప్పాడో లేదో. అడగలేదు.

యాడ్ అచ్చయింది. డబ్బులు మిల్లు నుంచి రాలేదు. మార్చి అన్నారు, ఉగాది అన్నారు. ఆ 4,500 నా లైన్ అకౌంట్‌లోంచి నెలనెలా కోసుకున్నారు. బూడిద మీద రెండో వార్త పంపితే "యాడ్ ఇచ్చినోళ్ల మీద ఎందుకమ్మా" అని ఆపేశారు. మిల్లు ఆయన ఇవ్వని యాడ్ డబ్బు నేను కట్టాను, వార్త ఆయన కోసం ఆగింది. ఇది ఒక్క మనిషి దుర్మార్గం కాదు. మండలానికొకరి చేత ఊరికే చాకిరీ చేయించుకుని, ఆ మనిషినే ఊళ్లో వసూళ్లకు పంపే పద్ధతి. అలా తయారైన విలేకరి రేపు ఎవరినైనా బెదిరించి డబ్బు అడిగితే తప్పు వాడిదొక్కడిదేనా? 2024 ఫిబ్రవరిలో ఐడీ కార్డు కొరియర్‌లో తిప్పి పంపేశాను.

తర్వాత ఆరు నెలలు ట్యూషన్లు చెప్పాను. నా దగ్గర ఉన్నదేమిటో ఆ ట్యూషన్లలోనే తెలిసింది. ఒడియా మీడియం పిల్లలకు తెలుగు చెప్తుంటే ఒకే మాటకు రెండు భాషల్లో రెండు అర్థాలు ఉండటం చూసి పొడుగు నోట్‌బుక్‌లో రాసుకోవడం మొదలుపెట్టాను. ఎడమవైపు ఒడియా, కుడివైపు తెలుగు. 'ఉద్యమ' అంటే అక్కడ ప్రయత్నం. 'హత్యా ఉద్యమ' అంటే హత్యాయత్నం, హత్యల ఉద్యమం కాదు. 'అవసర' అంటే పదవీ విరమణ. 'శిక్షా' అంటే చదువు. 'ఉపన్యాస' అంటే నవల. 'అనుమాన' అంటే అంచనా. 'చేష్టా' అంటే ప్రయత్నమే, మన చేష్ట కాదు. అలా 340 మాటలు అయ్యాయి.

ఆ నోట్‌బుక్‌లో రెండు పేజీలు ఫొటో తీసి, మూడు ఒడియా వార్తలకు నా తెలుగు అనువాదం జోడించి, ఒక డిజిటల్ సంస్థ డెస్క్ ఇన్‌ఛార్జికి నేరుగా పంపాను. ఆయన పేరు వాళ్ల వెబ్‌సైట్‌లోనే ఉంది. రెండో రోజే ఫోన్ వచ్చింది. వాళ్లు అప్పటిదాకా మెషీన్ అనువాదం దిద్దుకుంటున్నారట, పల్లీ సభను 'పల్లె సమావేశం' అని వేసి తిట్లు తిన్నారట. ఒడిశాలో పల్లీ సభ అంటే ఊరి స్థాయిలో చట్టబద్ధమైన సభ. 2013లో నియమగిరి కొండల మీద బాక్సైట్ తవ్వకం వద్దని తేల్చింది ఈ పల్లీ సభలే, 12కు 12. దాన్ని పల్లె సమావేశం అంటే అర్థమే పోతుంది. ఈ సంగతి ఫోన్‌లో చెప్పగానే వార్తకింత అని ఇచ్చి రాయించుకోవడం మొదలుపెట్టారు. పది నెలలు అలా చేశాక రాత పరీక్ష, ఇంటర్వ్యూ, నిన్నటి లెటర్.

ఇంటర్వ్యూలో ఒకాయన "మీ తెలుగులో కొంచెం ఒరియా వాసన ఉందమ్మా" అన్నారు. వాడుక తెలుగు కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పింది మా ఊళ్లోనేనండీ, సవర భాష నేర్చుకుంది కూడా మా కొండల్లోనే అన్నాను. ఆయన నవ్వి మార్కులు వేశారు. ఈ మాట నేను ఇంకా చాలామందికి చెప్తాను.

రాయగడ, గుణుపురం, కోరాపుట్, జయపురం, బరంపురం వైపు తెలుగు పిల్లలకు నేను చెప్పేది ఇది. మీ రెండో భాషను లోపంలా దాచుకోకండి, దాన్నే ముందు పెట్టండి. రిపోర్టర్ పోస్టు కోసమే చూడకండి. అనువాదం, డెస్క్, మానిటరింగ్ (వేరే ఛానళ్లు, పత్రికల వార్తలు గమనించే పని), వీడియోలకు సబ్‌టైటిల్స్, ఇవన్నీ లోపలికి తలుపులే. ఆకాశవాణి జిల్లాల్లో పార్ట్‌టైమ్ కరస్పాండెంట్లను తీసుకుంటుంది, ప్రాంతీయ వార్తా విభాగాల్లో క్యాజువల్ అనువాదకులను కూడా. ప్రకటన ఎప్పుడు పడుతుందో కళ్లు వేసి ఉంచాలి. కోరాపుట్‌లో రేడియో ధింసా అనే కమ్యూనిటీ రేడియో ఉంది, గొంతు, రికార్డింగ్ నేర్చుకోవడానికి అలాంటి చోటు మంచిది. జర్నలిస్టు పి. సాయినాథ్ 2014లో మొదలుపెట్టిన పారి అనే గ్రామీణ కథనాల వెబ్‌సైట్, విద్యార్థులు రాసిన గ్రామీణ కథనాలు కూడా వేస్తుంది, తెలుగు, ఒడియా అనువాదాలు కూడా వేస్తుంది. అచ్చయిన ప్రతిదీ తేదీ వేసి కత్తిరించి ఉంచుకోండి. నన్ను పిలిచినవాళ్లు డిగ్రీ మెమో చివరి రోజు దాకా అడగలేదు.

డిపాజిట్ అడిగితే లేచి వచ్చేయండి. "ముందు రాయి, తర్వాత చూద్దాం" అన్నా అంతే. డబ్బు ఎంతో కాగితం మీద రాసివ్వమని అడగండి. అడిగినందుకు పోయే ఉద్యోగం ఉద్యోగం కాదు. స్ట్రింగర్‌గా చేరక తప్పకపోతే ఏ కాగితం మీద సంతకం పెట్టినా ముందు ఫొటో తీసుకోండి, యాడ్స్ మాత్రం ముట్టుకోకండి.

స్కూటీ రేపు అమ్మేస్తున్నాను, విశాఖలో హాస్టల్ అడ్వాన్స్‌కి. గొలుసు విడిపించడానికి మొదటి మూడు జీతాలు పడతాయి. నోట్‌బుక్ జెరాక్స్ ఒకటి నా దగ్గర ట్యూషన్‌కొచ్చే తొమ్మిదో తరగతి పిల్లకు ఇచ్చాను.

చేరే రోజు సరిహద్దు నుంచి ఐదు వార్తల ఐడియాలు రాసి తెమ్మన్నారు. ఇందాకే రాశాను. మొదటిది, బడి పళ్లేల్లో పడే ఊక బూడిద. నిన్న మధ్యాహ్నం కూడా వెళ్లి చూసొచ్చాను, ఇంకా పడుతూనే ఉంది.