రెండు పెట్టెల పంచాయితీ

ఆదివారమంతా మోడెంకూ రౌటర్‌కూ సంధి కుదర్చడంతోనే గడిచిపోయింది. టెలిఫోను తీగ మీదే ఇంటర్నెట్ తెచ్చే డీఎస్ఎల్ కనెక్షన్‌తో వచ్చిన మోడెంలో వైఫై లేదు. వెనక వైపు ఈథర్నెట్ కేబుల్‌కు ఒకే ఒక్క చోటుంది. ఇంట్లో ఉన్న ఫోన్లకూ ల్యాప్‌టాప్‌లకూ అది ఏ మూలకూ రాదు కాబట్టి తమ్ముడు ఒక వైర్‌లెస్ రౌటర్ కొనుక్కొచ్చాడు.

వాడికి తొందరెక్కువ. రెండు పెట్టెలూ విప్పి, ఉన్న తీగలన్నీ ఒకేసారి గుచ్చి, ఏ లైటు వెలుగుతుందో చూద్దామన్నాడు.

"అలా గుచ్చాక పనిచేయకపోతే తప్పు ఎక్కడుందో ఎలా తెలుస్తుందిరా?" అన్నాను.

"పనిచేస్తే?" అన్నాడు.

వాదనలో వాడిదే పైచేయి. అయితే పెట్టెలు నా చేతిలో ఉన్నాయి.

ముందు మోడెం సంగతి చూశాను. గోడ సాకెట్ నుంచి వచ్చే ఫోను తీగ స్ప్లిటర్‌లోకి వెళ్తుంది. అక్కడి నుంచి ఒక పాయ ఫోనుకూ మరొకటి మోడెంకూ చేరతాయి. ఇంతవరకు సులువే. లైను కలిపిన కాసేపటికి లోపలి గది నుంచి అమ్మ పిలిచింది. "ఫోనులో ఏదో బుసబుసమంటోంది, ఒకసారి చూడు నాన్నా" అంది. ఆ గదిలోని ఫోను వేరే సాకెట్‌కు నేరుగా తగిలించి ఉంది, మధ్యలో ఫిల్టర్ లేదు. మన మాటలకు టెలిఫోను వాడుకునేది సుమారు 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకే. డీఎస్ఎల్‌లో ఒక రకమైన ఏడీఎస్ఎల్ అదే రాగి తీగ మీద దాదాపు 25 కిలోహెర్ట్జ్ దగ్గర మొదలై 1,104 కిలోహెర్ట్జ్ దాకా పాకుతుంది. తరవాత వచ్చిన ఏడీఎస్ఎల్ 2 ప్లస్ అయితే 2.2 మెగాహెర్ట్జ్ దాకా పోతుంది. పైనున్న ఆ రొదను ఫోనులోకి రానివ్వకుండా ఆపడమే ఫిల్టర్ పని. అందుకని ఇంట్లో ఎన్ని ఫోన్లుంటే అన్నింటికీ అది ఉండాలి. ఒక్క మోడెంకు మాత్రం ఉండకూడదు. మోడెంకు కావలసిందే ఆ పై భాగం, దానికి ఫిల్టర్ తగిలిస్తే లైను ఎప్పటికీ దొరకదు. పాత సామాన్ల డబ్బాలో ఇంకో ఫిల్టర్ దొరికింది కాబట్టి అమ్మ ఫోను బుస ఆగింది.

మోడెం మీద డీఎస్ఎల్ లైటు మిణుకుమిణుకుమంటూ ఉండి, కాసేపటికి స్థిరపడుతుంది. చాలామందికి విసుగు పుట్టించే ఆ కాసేపు నాకు చాలా ఇష్టం. ఆ సమయంలో మోడెం, టెలిఫోను ఎక్స్ఛేంజిలోని యంత్రం కలిసి లైనును చిన్న చిన్న పట్టీలుగా విడదీసి పరీక్షిస్తాయి. ఒక్కో పట్టీ వెడల్పు 4.3125 కిలోహెర్ట్జ్. ఏడీఎస్ఎల్‌లో అలాంటివి 256. ఏ పట్టీలో రొద ఎంత ఉందో కొలిచి, శుభ్రంగా ఉన్నదాని మీద ఎక్కువ బిట్లు, గరగరలాడేదాని మీద తక్కువ బిట్లు వేస్తాయి. మరీ పాడైనదాన్ని వదిలేస్తాయి. మాటల కోసం వేసిన తీగ ఇన్ని అంకెలను మోస్తోందంటే ఈ ఓపికైన లెక్కే కారణం. దీన్ని పనికొచ్చే రూపానికి తెచ్చినవారిలో అమెరికన్ ఇంజినీరు జాన్ సియోఫీ పేరు ముందుంటుంది. డౌన్‌లోడ్‌కు ఎక్కువ, అప్‌లోడ్‌కు తక్కువ వేగం ఇస్తే పక్కపక్క తీగల మధ్య జోక్యం తగ్గుతుందని గ్రహించినవాడు అమెరికాలోని టెలిఫోను పరిశోధన సంస్థ బెల్‌కోర్ ఇంజినీరు జోసెఫ్ లెక్లైడర్. అప్‌లోడ్ ఇంత నత్తనడక ఏమిటని తిట్టుకునేవాళ్లు ఆయన లెక్కను ఒకసారి తలచుకోవాలి. నేనూ తిట్టుకుంటాను, అది వేరే విషయం.

లైటు నిలకడగా వెలిగాక ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో నేరుగా మోడెంకు కలిపి దాని లోపలి పేజీ తెరిచాను. నేను మొదట చూసేది వేగాన్ని కాదు, రెండు డెసిబెల్ అంకెలను. ఒకటి అటెన్యుయేషన్, అంటే దారిలో సిగ్నల్ ఎంత అరిగిపోయిందన్నది. అది ఎక్స్ఛేంజి ఎంత దూరంలో ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది, దానికి మనం చేయగలిగింది పెద్దగా లేదు. రెండోది ఎస్ఎన్ఆర్ మార్జిన్, రొద కంటే సిగ్నల్ ఎంత భద్రమైన ఎత్తులో ఉందన్నది. సాధారణంగా 6 డెసిబెల్స్ ఉండేలా చూస్తారు. అంతకంటే దిగితే లైను తరచూ తెగుతుంది. మాకు 7 చూపించింది. గోడ నుంచి మోడెం దాకా సాగదీసిన పాత ఎక్స్‌టెన్షన్ తీగను తీసేసి, లైను ఇంట్లోకి వచ్చే మొదటి సాకెట్ దగ్గరికే మోడెంను మార్చాను. మార్జిన్ 10కి పెరిగింది. రోజు మొత్తంలో బాగా తృప్తినిచ్చిన పని ఇదే. తమ్ముడికి మాత్రం ఇందులో విశేషమేమీ కనబడలేదు.

డీఎస్ఎల్ లైటు వెలిగినంత మాత్రాన ఇంటర్నెట్ వచ్చినట్టు కాదు. ఆ లైటు ఎక్స్ఛేంజితో లైను కుదిరిందని చెబుతుంది. ఇంటర్నెట్ లైటు మన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అవతల ఒప్పుకున్నారని చెబుతుంది. మొదటిది వెలగకపోతే తీగలు చూడాలి, రెండోది వెలగకపోతే కాగితం చూడాలి. కనెక్షన్ ఇచ్చినవాళ్ల ఆ కాగితం మీదున్న వీపీఐ, వీసీఐ అనే లైను దారి అంకెలు, పీపీపీఓఈ అన్న లాగిన్ పద్ధతి, యూజర్‌నేమ్ చివరి తోకతో సహా ఉన్నదున్నట్టు ఎక్కించాను. రెండో లైటు కూడా వెలిగింది. బ్రౌజర్‌లో పేజీ తెరుచుకుంది. అప్పుడు రౌటర్‌ను బయటికి తీశాను.

అసలు పంచాయితీ ఇక్కడే. మోడెం చిరునామా, అంటే నెట్‌వర్కులో దాన్ని గుర్తించే ఐపీ అంకె, 192.168.1.1. రౌటర్ చిరునామా కూడా అదే. పైగా లోపలివాళ్లకు ఐపీ అడ్రసులు పంచే అధికారం నాదంటే నాదని రెండూ కూర్చున్నాయి. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవన్నది వీటిని చూసే పుట్టిందేమో అనిపించింది. ప్రపంచం మొత్తానికి ఉన్న పాత తరహా ఐపీ చిరునామాలు దాదాపు 429 కోట్లు. అవి ఇంటింటికీ, గదిగదికీ చాలవు కాబట్టి 192.168తో మొదలయ్యేవాటి లాంటి కొన్నింటిని సొంత నెట్‌వర్కుల కోసం విడిగా కేటాయించారు. ఎవరైనా తమ ఇంట్లో వాడుకోవచ్చు. తయారీదారులందరూ వెళ్లి 1.1 దగ్గరే పడటం వల్ల వచ్చింది చిక్కంతా.

దారులు లేకపోలేదు. రౌటర్ చిరునామాను 192.168.2.1గా మార్చి, రెండింటినీ ఒకదాని వెనక ఒకటి నిలబెట్టవచ్చు. లేదా రౌటర్‌లో అడ్రసులు పంచే డీహెచ్‌సీపీని ఆపేసి, చిరునామా మార్చి, కేబుల్‌ను ఇంటి వైపు ఉండే దాని లాన్ పోర్టులోనే గుచ్చి వైఫై పంచే పనికి మాత్రమే వాడుకోవచ్చు. లేదా మోడెం సమాచారాన్ని అటూ ఇటూ దాటించడం మాత్రమే చేసేలా బ్రిడ్జి మోడ్‌లో పెట్టి, లాగిన్ బాధ్యతను రౌటర్‌కు అప్పగించవచ్చు. తమ్ముడు మొదటిదానికి ఓటేశాడు. అందులో బ్రౌజింగ్‌కు ఇబ్బంది ఉండదు, నిజమే. అయితే ఇంటి చిరునామాకూ బయటి చిరునామాకూ మధ్య మార్పిడి రెండుసార్లు జరుగుతుంది. బయటి నుంచి లోపలికి రావలసిన కనెక్షన్‌కు రెండు చోట్లా తలుపు తీయాలి. ఆన్‌లైన్ ఆటలు మొండికేసేది అలాంటప్పుడే. ఆటల మాట వినగానే వాడు బ్రిడ్జి మోడ్‌కు వచ్చేశాడు.

బ్రిడ్జిలోకి మార్చే ముందు మోడెంలోని అంకెలన్నీ కాగితం మీద రాసుకున్నాను. ఆ తరవాత దాని పేజీ అంత సులువుగా తెరుచుకోదు. కేబుల్ రౌటర్‌లో ఇంటర్నెట్ వైపు ఉండే వాన్ పోర్టుకు మారింది, యూజర్‌నేమ్ రౌటర్‌లోకి వెళ్లింది. ఒక విడతలో పంపే ముక్క గరిష్ఠ పరిమాణాన్ని చెప్పే ఎంటీయూను 1492 అని పెట్టాను. ఈథర్నెట్ ఒక విడతలో మోయగలిగే 1500 బైట్లలో పీపీపీఓఈ తన కోసం 8 బైట్లు తీసుకుంటుంది. ఈ అంకె తేడాగా ఉంటే కొన్ని సైట్లు తెరుచుకుని, కొన్ని తెరుచుకోక, మనిషిని పిచ్చివాణ్ణి చేస్తాయి.

వైఫైకి వచ్చేసరికి చుట్టుపక్కల నెట్‌వర్కుల్లో చాలావరకు 6వ చానెల్ మీదే కనిపించాయి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండేవి 1, 6, 11. మేము 11కు వెళ్లాం. ఎవరో 3లో కూర్చున్నారు. ఖాళీగా ఉందనుకుని ఉంటారు, పాపం, 1నీ 6నూ రెండింటినీ చెడగొడుతున్నారు. భద్రతకు డబ్ల్యూపీఏ 2 ఎంచుకున్నాను. డబ్ల్యూఈపీ అన్న పాత పద్ధతి 2001లోనే బద్దలైంది, అయినా జాబితాలో ఇంకా ఎందుకుంచారో. బటన్, పిన్ నంబరుతో కలిపే డబ్ల్యూపీఎస్‌ను ఆపేశాను. ఆ ఎనిమిది అంకెల పిన్‌ను మహా అయితే 11,000 ప్రయత్నాల్లో కనిపెట్టవచ్చని 2011లో తేలింది. రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా మార్చాను.

రౌటర్ చూడటానికి బాగాలేదు, ఇనుప అల్మారాలో పెట్టెయ్యమంది అమ్మ. అందులో పెడితే వైఫై కూడా అందులోనే ఉంటుందని చెప్పి, అల్మారా పైన పెట్టడానికి ఒప్పించాను.

సాయంత్రం తమ్ముడి ఫిర్యాదు: "8 మెగా అన్నారు, డౌన్‌లోడ్ సెకనుకు 850 కిలోలు దాటడం లేదు అన్నయ్యా." వాళ్లు చెప్పేది మెగాబిట్లు, డౌన్‌లోడ్ చూపించేది కిలోబైట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి 8 మెగాబిట్లంటే ఒక మెగాబైటు. లైను మీద సమాచారం 53 బైట్ల ముక్కలుగా పోతుంది, ఒక్కో ముక్కలో 5 బైట్లు పైచిరునామాకే. ఆ ఖర్చులన్నీ పోగా 850 మంచి అంకే. వాడికి నచ్చలేదు.

చివరి గదిలో సిగ్నల్ ఇంకా బలహీనంగానే ఉంది. రిపీటర్ కొందామంటాడు వాడు. ఒకే రేడియోతో వినడం, తిరిగి చెప్పడం రెండూ చేసే మామూలు రిపీటర్‌తో వేగం సగానికి పడిపోతుంది. ఈథర్నెట్ కేబుల్ 100 మీటర్ల దాకా నిక్షేపంగా మోస్తుంది. వచ్చే వారం గోడ వెంట ఒక కేబుల్ లాగి, మూలనున్న పాత రౌటర్‌ను డీహెచ్‌సీపీ ఆపి ఆ గదిలో పెడతాను.