వేళ్ళు తెల్లబడ్డాక మొదలైన నిమిషాల లెక్క

మొదట తెల్లబడింది ఎడమ చేతి ఉంగరపు వేలు. ఇనుము కోసే, అరగదీసే చేతి గ్రైండర్ స్విచ్చు కుడి చేతిలో ఉంటుంది కాబట్టి ఏం వచ్చినా ఆ చేతికే వస్తుందని అనుకుంటాం. కానీ పక్క హ్యాండిల్ పట్టుకునేది ఎడమ చెయ్యి. బెంచ్ గ్రైండర్ దగ్గర ముక్కను రాయికి ఆనించేదీ, డ్రిల్లు ముందు భాగాన్ని అదిమి పట్టేదీ అదే. చల్లటి నీళ్ళు తగిలిన నిమిషానికల్లా ఆ వేలు కొస నుంచి మొదటి కణుపు దాకా సున్నం పూసినట్టు పాలిపోయేది. తెలుపు ఎక్కడ ఆగిందో గీత గీసినట్టు కనిపించేది. గిచ్చితే తెలిసేది కాదు. పావుగంటో ఇరవై నిమిషాలో అలా ఉండి, నెత్తురు తిరిగొచ్చేటప్పుడు ఎర్రబడి సలిపేది. తెల్లగా ఉన్నంతసేపూ నొప్పి లేదు, బాధంతా రంగు తిరిగొచ్చేటప్పుడే.

దానికి చాలా ముందు నుంచే తిమ్మిరి ఉంది. గ్రైండింగ్ ముగించి యంత్రం కింద పెట్టాక అరచేతిలో జివ్వుమనడం అందరికీ తెలిసిందే, రెండు మూడు నిమిషాల్లో పోతుంది. నాకది పావుగంటైంది, తర్వాత గంటైంది. ఆపైన రాత్రి నిద్రలో చెయ్యి మొద్దుబారి మెలకువ రావడం, లేచి విదిలిస్తే తప్ప తగ్గకపోవడం. పడుకునే తీరు బాగాలేదేమోనని దిండు మార్చాను. మార్చాల్సింది దిండు కాదు. పని ఆపాక తిమ్మిరి ఇరవై నిమిషాలు దాటి నిలిచిందంటే ఆ రోజు చేతికెక్కిన యంత్రం వణుకు మోతాదు మించినట్టే అని ఇప్పుడు లెక్కేసుకుంటున్నాను.

డాక్టర్లు దీన్ని హ్యాండ్ ఆర్మ్ వైబ్రేషన్ సిండ్రోమ్ అంటారు. చేతికెక్కే కంపనం వల్ల వేళ్ళ సన్నటి రక్తనాళాలు, నరాలు, ఒక్కోసారి కీళ్ళు, కండరాలు కూడా దెబ్బతినడం. చలికి వేళ్ళు తెల్లబడడాన్ని 1862లోనే మోరిస్ రేనో అనే ఫ్రెంచి వైద్యుడు వర్ణించాడు. 1918లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రం బెడ్‌ఫర్డ్‌లో, గాలి సుత్తులతో సున్నపురాయి చెక్కే పనివాళ్ళ చేతుల్లో ఆలిస్ హామిల్టన్ అనే వైద్యురాలు దీన్ని పరిశీలించింది. వందేళ్ళ పైబడి తెలిసిన జబ్బే. అయినా పవర్ టూల్స్ భద్రత అనగానే కళ్ళద్దాలు, డిస్కును కప్పే గార్డు, ఎర్తింగ్ అని ఆగిపోతాం. అవన్నీ కావాల్సినవే. కాకపోతే అవి ఒక్క క్షణంలో జరిగే ప్రమాదాన్ని ఆపుతాయి. ఇది నిమిషం నిమిషం కూడి వచ్చే నష్టం.

పరీక్షలు పెద్దగా ఏమీ లేవు. మణికట్టు పూర్తిగా మడిచి నిమిషం పాటు ఉంచారు, నలభై సెకన్లకే బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు జివ్వుమన్నాయి. కంపనంతో పాటు మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోవడం, అంటే కార్పల్ టన్నెల్, కలిసి వచ్చే అవకాశం ఎక్కువట. నరాల వేగం పరీక్షలో అదీ తేలింది. వేలి కొస మీద రెండు సన్నటి మొనలు ఒకేసారి ఆనించి, ఎంత ఎడం ఉంటే రెండుగా తెలుస్తాయో చూశారు. మామూలు వేలికి 5, 6 మిల్లీమీటర్లు చాలు. నా ఉంగరపు వేలికి 9 కావలసి వచ్చింది. ఫొటోలు తీసి చూపించడం బాగా పనికొచ్చింది, ఎందుకంటే గదిలో కూర్చున్నప్పుడు వేళ్ళు మామూలుగానే ఉంటాయి. తెల్లబడ్డప్పుడు ఏ వేలు, ఎన్ని కణుపులు, ఎంతసేపు అని రాసుకుని వెళ్ళాలి. దశను నిర్ణయించే స్టాక్‌హోమ్ కొలమానం అడిగేది అవే: కొసలు మాత్రమేనా, మధ్య కణుపు దాకానా, చాలా వేళ్ళు మొత్తమా. నరాలకు వేరే దశలు. రక్తనాళాల పరంగా నాది మొదటి దశ, నరాల పరంగా రెండోది. ఈ రెండూ కలిసే ముదరాలని లేదు.

ఈ జబ్బులో ఒక విషవలయం ఉంది. వేలికి స్పర్శ తగ్గితే చెయ్యి తనకు తెలియకుండానే యంత్రాన్ని ఇంకా బిగించి పడుతుంది. బిగిస్తే కంపనం ఇంకా లోపలికి ఎక్కుతుంది, స్పర్శ ఇంకా తగ్గుతుంది. డిస్కు ఊగుతోందనీ బేరింగు అరిగిందనీ మొదట చెప్పేది అరచెయ్యే. ఆ కొలిచే చెయ్యే మొద్దుబారితే యంత్రం ఎంత చెడినా తెలియదు.

అందుకే లెక్క కాగితం మీదికి వచ్చింది. యంత్రంతో వచ్చే పుస్తకంలో కంపనం విలువ మీ/సె²లో (సెకను వర్గానికి మీటర్లలో) ఉంటుంది, పక్కనే కె అని అనిశ్చితి, అంటే ఆ కొలతలో ఉండగల తేడా, ఉంటుంది, చాలా వాటికి 1.5. రెండూ కూడాలి. ఒకే గ్రైండర్‌కు గ్రైండింగ్‌కి ఒకటి, సాండింగ్‌కి ఒకటి ఇస్తారు, మనం చేసే పనిదే తీసుకోవాలి. వచ్చిన అంకెను దానితోనే గుణించి, రెండుతో గుణిస్తే గంటకు పాయింట్లు. రోజుకు 100 పాయింట్లు దాటితే జాగ్రత్తలు మొదలుపెట్టాలి, 400 దాటకూడదు. ఐరోపా సమాఖ్య 2002లో పెట్టిన 2.5, 5 మీ/సె² హద్దుల్ని ఎనిమిది గంటల పనిరోజుకు పాయింట్లలోకి మారిస్తే వచ్చే అంకెలివి. 100 లోపు ఉంటే ఏమీ రాదన్న హామీ కాదది. ఒకసారి జబ్బు పడ్డ చేతికి అసలే కాదు.

ఉదాహరణకు 5.5కు 1.5 కలిపితే 7. ఏడును ఏడుతో గుణిస్తే 49, రెండింతలు 98. అంటే ఆ గ్రైండర్ గంట నడిస్తే రోజుకు ఆ 100 పాయింట్లు దాదాపు అయిపోయినట్టే. కూడాక 12 వచ్చిన హ్యామర్ డ్రిల్లుకు గంటకు 288. ఒక్కో రంధ్రానికి 20 సెకన్ల చొప్పున అరవై రంధ్రాలు వేస్తే ఇరవై నిమిషాలు, 96 పాయింట్లు. గ్రైండర్ ముప్పావు గంట, డ్రిల్లు పది నిమిషాలు కలిస్తే 73, 48, మొత్తం 121. లెక్కపెట్టాల్సింది యంత్రం చేతిలో ఉన్న సమయం కాదు, అది తిరుగుతూ ఉండగా చెయ్యి దాని మీద ఉన్న సమయం. దీన్ని ఊహిస్తే తప్పుతాం. ఒక వారం స్టాప్‌వాచ్ పెట్టి చూసుకుంటే చాలు, ఆ తర్వాత డిస్కులు, రంధ్రాలు లెక్కపెడితే సరిపోతుంది. పుస్తకంలో అంకె బాగున్న యంత్రానికి, మంచి డిస్కుకు ఇచ్చింది. అరిగిన వాటితో అది పెరుగుతుంది.

నా చేతులకెక్కిన కంపనంలో ఎక్కువ భాగం గ్రైండర్‌దే. దాన్ని చూడడం ఇలా. ముందు ప్లగ్గు తీసి, డిస్కు, లాక్ నట్, డిస్కు వెనక ఆనే లోపలి బిళ్ళ (ఫ్లాంజ్) మూడూ విప్పాలి. డిస్కును తిప్పే ఇరుసును (స్పిండిల్) చేత్తో పట్టి పైకీ కిందకీ ఊపితే కదలిక ఉండకూడదు, తిప్పితే ఇసుక నలిగినట్టు అనిపించకూడదు. అప్పుడు ఏమీ బిగించకుండా ఒట్టిగా నడపాలి. అప్పుడే వణికితే లోపం బేరింగ్‌లోనో గేర్లలోనో ఉంది. నున్నగా తిరిగి, డిస్కు బిగించాక వణికితే లోపం డిస్కుదో ఫ్లాంజ్‌దో. ఫ్లాంజ్ ముఖం మీద కరిగి అంటుకున్న ఇనుప రజను గోరంత ఉన్నా డిస్కు అంచు దగ్గరికి వచ్చేసరికి ఊగు పెద్దదవుతుంది. గుడ్డతో తుడిస్తే పోదు, బ్రష్షుతో గీకాలి. 100 మి.మీ. డిస్కుకు రంధ్రం 16 మి.మీ., 125 దానికి 22.23. రంధ్రం సరిపోని డిస్కుకు మధ్యలో ఏదో కుదిర్చి పెట్టడం వణుకును కొని తెచ్చుకోవడమే. కొత్త డిస్కు కాస్త వణుకుతుంటే నట్ వదులు చేసి, డిస్కును సగం చుట్టు తిప్పి మళ్ళీ బిగిస్తే కొన్నిసార్లు కుదురుకుంటుంది. కుదరకపోతే పారేయాలి. డిస్కు మీద రాసిన గరిష్ఠ ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) యంత్రం ఆర్‌పీఎం కంటే తక్కువ ఉండకూడదు. మధ్య లోహపు రింగు మీద గడువు తేదీ ఉంటుంది, చెమ్మ తగిలి పాతబడితే డిస్కును అతికి ఉంచే రెజిన్ బలం తగ్గుతుంది. బిగించాక గార్డు ఉంచి, అంచు ఎదురుగా కాకుండా పక్కకు నిలబడి ఒక నిమిషం ఒట్టిగా తిప్పాలి.

కోసేటప్పుడు యంత్రం బరువే చాలు. నొక్కితే పని తొందరగా అవుతుందనేది చేతికి కలిగే భ్రమ. డిస్కు వంగి రాసుకుంటుంది, వేడెక్కుతుంది, అదురుతుంది, తెగడమూ నెమ్మదిస్తుంది. ముక్కను రెండు చివర్లా ఎత్తి మధ్యలో కోస్తే గాటు మూసుకుపోయి డిస్కును కొరుకుతుంది, యంత్రం వెనక్కి తంతుంది. తెగి పడే చివర గాలిలో ఉండాలి, కోతకు దగ్గరలో క్లాంపు ఉండాలి. గాటుకు క్లాంపు ఎంత దూరమైతే రేకు అంత మోగుతుంది, ఆ మోత చేతికీ ఎక్కుతుంది. కటింగ్ డిస్కును పక్కకు వాల్చి నున్నచేయడం మాత్రం ఎప్పుడూ చెయ్యకూడదు. అది పక్క ఒత్తిడికి తయారైంది కాదు, పగులుతుంది.

బెంచ్ గ్రైండర్ సంగతి వేరు. అక్కడ కంపనం యంత్రం నుంచి కాదు, చేతిలోని ముక్క నుంచి ఎక్కుతుంది. ముక్క ఎంత చిన్నదైతే వేళ్ళు రాయికి అంత దగ్గర. రాయి గుండ్రంగా లేకపోతే ప్రతి చుట్టుకూ ఒక దెబ్బ. రాయిని చెక్కే డ్రెస్సర్ అనే పనిముట్టుతో ముఖం సమం చేస్తే ఆ దెబ్బ ఆగిపోతుంది, నేను చేసిన మార్పుల్లో వెంటనే తేడా తెలిసింది ఇదే. ముక్కను ఆనించే రెస్టుకూ రాయికీ 3 మి.మీ. మించని సందు, పైన గార్డుకు ఉండే జరిపే పట్టీకి (నాలుక) 6 మి.మీ. రాయి అరిగేకొద్దీ ఇవి పెరుగుతాయి, మళ్ళీ జరపాలి, జరిపేది యంత్రం ఆగాకే. చిన్న ముక్కలు ఇప్పుడు లాకింగ్ ప్లయర్స్‌తో పట్టుకుంటున్నాను.

కాంక్రీటుకు ఇంపాక్ట్ డ్రిల్లు వదిలేశాను. అది పళ్ళ చక్రాలు రాసుకుంటూ కొడుతుంది, మనం తోస్తేనే దిగుతుంది. రోటరీ హ్యామర్‌లో పిస్టన్ గాలిని నొక్కి కొడుతుంది, తోయనక్కర్లేదు, రంధ్రానికి పట్టే సమయం బాగా తగ్గుతుంది. స్ప్రింగు హ్యాండిల్ ఉన్నదైతే మరీ నొక్కకూడదు, స్ప్రింగు అడుగంటితే కంపనం నేరుగా చేతికే వస్తుంది. మొద్దుబారిన బిట్‌తో పొదుపు చేయడం దండగ. ఇసుక కాగితంతో నున్నచేసే సాండర్ విషయంలో గుర్తుంచుకోవలసింది ఒక్కటే: లోపలి ప్రతిబరువు దానికిచ్చిన ప్యాడ్‌కే సరిపోతుంది, వేరే సైజు ప్యాడ్ పెడితే వణుకు పెరుగుతుంది.

గ్లవ్స్ గురించి అందరూ అడుగుతారు. 11,000 ఆర్‌పీఎం గ్రైండర్ అంటే సెకనుకు దాదాపు 183 చుట్లు. అంత వేగం మీద జెల్ గ్లవ్స్ అరచేతికి కొంత తగ్గించవచ్చు, వేళ్ళకు తక్కువే. నిమిషానికి 3,000 దెబ్బల సుత్తి అంటే సెకనుకు 50, అక్కడ వాటి ఉపయోగం దాదాపు లేదు. మందపు గ్లవ్స్‌లో పట్టు ఇంకా బిగించాలి, అది మొదటికే మోసం. అవి నాకు పనికొచ్చేది చేతులు వెచ్చగా ఉంచడానికి. డ్రిల్లు ప్రెస్సు దగ్గర మాత్రం గ్లవ్స్ వేసుకోకూడదు, తిరిగే బిట్టు గుడ్డను చుట్టేస్తుంది.

చికిత్స అంటే ముఖ్యంగా ఆపడమే. ఆరు వారాలు వణికే యంత్రం ఏదీ ముట్టలేదు, రాత్రి మణికట్టు నిటారుగా ఉంచే స్ప్లింట్ కట్టుకున్నాను. మూడో వారానికి రాత్రి మెలకువలు తగ్గాయి. పొగ తాగేవాళ్ళయితే నికోటిన్ నాళాలను ఇంకా ముడుస్తుంది, ముందు మానాల్సింది అది. రక్తపోటుకు వాడే బీటా బ్లాకర్లు కొందరిలో వేళ్ళు తెల్లబడడాన్ని పెంచుతాయి కాబట్టి వాడుతున్న మందులన్నీ డాక్టరుకు చెప్పాలి. తరచుగా తెల్లబడేవాళ్ళకు రక్తనాళాలను వదులు చేసే నిఫెడిపిన్ లాంటి మందులు రాస్తారు, నాకు అంత అవసరం రాలేదు. తెల్లబడ్డప్పుడు చెయ్యి వేడినీళ్ళలో పెట్టకూడదు, స్పర్శ లేని వేలు కాలినా తెలియదు. గోరువెచ్చటి నీళ్ళు, లేదా చెయ్యి చాచి గుండ్రంగా తిప్పడం. చేతులొక్కటే కాదు, ఒళ్ళంతా వెచ్చగా ఉండాలి.

పనికి తిరిగొచ్చాక మొదటి నెల రోజుకు 30 పాయింట్లు, తర్వాత 60. ఆ పైకి పోలేదు. కొంత పని హ్యాక్సాకీ ఆకురాయికీ తిరిగి వెళ్ళింది, అవి అనుకున్నంత నెమ్మదేమీ కాదు. స్పర్శ తగ్గిన వేళ్ళతో స్విచ్చు ఆగిందో లేదో తెలియదు, అందుకే లాక్ అయ్యే స్విచ్చు ఉన్న గ్రైండర్ తీసేసి, వదిలితే ఆగే ప్యాడిల్ స్విచ్చుది తెచ్చుకున్నాను. డిస్కు మార్చేటప్పుడు ప్లగ్గు కళ్ళెదుట బల్ల మీద ఉంటుంది. ఇప్పుడే కోసిన ఇనుమును వేళ్ళతో కాకుండా ముంజేతిని దగ్గర పెట్టి చూస్తాను, ఎందుకంటే వేళ్ళ మాట నమ్మడానికి లేదు.

ఏడాదికి ఉంగరపు వేలు తెల్లబడడం చాలా అరుదైంది. రక్తనాళాల భాగం కంపనం ఆపితే కొంతవరకు, నెమ్మదిగా తగ్గవచ్చనీ, నరాల భాగం అంతగా తిరిగి రాదనీ మొదటే చెప్పారు. అలాగే అయింది. 9 మిల్లీమీటర్లు 8 అయ్యాయి, అక్కడే ఆగాయి. ఎం3 నట్‌ను, అంటే 3 మి.మీ. బోల్టుకు పట్టే చిన్న నట్‌ను, బోల్టు మొదటి మరకు ఎక్కించాలంటే ఇప్పటికీ కంటితో చూస్తూ తిప్పాల్సిందే.