మారేడు కొమ్ములు: మూడో జత ఆకు దాటడం లేదు

ఇవాళ పొద్దున మేడ మీదికి వెళ్లేసరికి ఇంకో రెండు మారేడు కొమ్ముల మొక్కలు (నన్నారి షర్బత్‌కు గడ్డలిచ్చే తీగ ఇది) పడిపోయి ఉన్నాయి. 22 గింజలు వేస్తే 14 మొలిచాయి, ఇప్పుడు మిగిలింది అయిదు. నిరుడూ ఇదే వరస.

మొలకల దాకా ఏ ఇబ్బందీ లేదు. తెలిసినాయన తోటలో పెంచిన తీగ గింజలివి, అడవివి కావు. జిల్లేడు గింజకున్నట్టే ఉండే దూది తీసేసి, కాయ పగిలిన వారంలోపే నాటేశాను. అంతకుముందు ఒక నర్సరీలో నన్నారి అని అడిగితే, ఆకు మధ్యలో తెల్లచార ఉన్న సుగంధిపాల చేతిలో పెట్టారు. అది వేరే మొక్క బాబూ!

చావు మాత్రం ప్రతిసారీ ఒకేలా. మొక్క 7, 8 సెంటీమీటర్లు పెరిగి మూడో జత ఆకు విచ్చుకుంటుండగా, మట్టికి అర సెంటీమీటరు పైన కాండం గోధుమరంగుకు తిరిగి దారంలా సన్నబడుతుంది. సాయంత్రానికి వాలిపోతుంది. పీకి చూస్తే వేరు తెల్లగానే ఉంది, నలిపితే సన్నగా నన్నారి వాసన కూడా వస్తోంది. అంటే కుళ్లు వేరులోంచి కాదు, కాండం మొదట్లోనే పడుతోంది.

తొలి రెండూ పోయినప్పుడు ఎండ దెబ్బ అనుకుని 50 శాతం షేడ్ నెట్ కిందికి మార్చాను. ఇంకో మూడు పోయాయి. బూజు తెగుళ్ల మందు మాంకోజెబ్ లీటరు నీటికి 2 గ్రాములు కలిపి పోస్తే వారం ఆగింది, తర్వాత మళ్లీ రెండు. ఇప్పుడు నా అనుమానమంతా కోకోపిట్ (కొబ్బరి పీచు పొట్టు) మీదే. నా మిశ్రమంలో అది 60 శాతం. నీళ్లు పోసిన మూడో రోజు కూడా వేలు రెండో కణుపు దాకా దించితే తడి తగులుతోంది. బంతి, టమాటా నారుకైతే సరే, మిగతావాటికి కోకోపిట్ దండగ అని నా అభిప్రాయం.

అసలు శేషాచలం కొండల్లో ఈ తీగ ఉండేదెక్కడ? రాళ్ల వాలుల్లో, బండల సందుల్లో. ఎంత వాన పడినా నీళ్లు నిలవని చోటు. గడ్డల్లో దాచుకున్నదాంతోనే ఎండాకాలం గట్టెక్కుతుంది. షర్బత్ కోసం ఆ గడ్డల్నే తవ్వేస్తుంటే ఇక తీగ ఎక్కడ మిగులుతుంది? అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ ప్రమాద జాబితాకు ఎక్కింది అందుకే. అలాంటిదాన్ని తెచ్చి నేను స్పాంజి మీద కూర్చోబెట్టాను.

ఈసారి మూడు పాళ్లు సన్న కంకర, ఒక పాలు ఎర్రమట్టి, ఒక పాలు ఆకుఎరువు. కుండీ బదులు 4 అంగుళాల పీవీసీ పైపు, రెండడుగుల ముక్కలు, గడ్డ కిందికి దిగడానికి. మొదలు చుట్టూ అంగుళం మందాన ఒట్టి కంకరే. రెండు మొక్కల్నే మారుస్తాను, మిగతా మూడింటినీ ఉన్నచోటే ఉంచి చూస్తాను. పైపు కోసే రంపం పక్కింటివాళ్ల దగ్గరుంది, సాయంత్రం అడగాలి.