ఒక్క అక్షరం తేడా: నాన్న పాత నెక్సస్ 7లో లీనేజ్ వేసిన నా అనుభవం

లీనేజ్ అంటే కంపెనీ అప్‌డేట్లు ఆపేసిన ఫోన్లు, ట్యాబ్‌ల కోసం ఔత్సాహికులు తయారుచేసే ఉచిత ఆండ్రాయిడ్ సాఫ్ట్‌వేర్. నాన్న ట్యాబ్‌లో దాన్ని వేసే పని నిన్న రాత్రి పదకొండున్నరకి పూర్తయింది. ఆ సంతోషం ఇంకా దిగలేదు. మరిచిపోకముందే రాసి పెడుతున్నాను.

ట్యాబ్ గూగుల్ వాళ్ల ఏడంగుళాల నెక్సస్ 7, 2013లో వచ్చిన రెండో మోడల్, సిమ్ లేని వైఫై రకం. 2 జీబీ ర్యామ్, 16 జీబీ స్టోరేజ్. మా తమ్ముడు కొన్నాళ్లు వాడి పక్కన పెడితే నాన్న చేతికి వచ్చింది. నాన్నకి 79 ఏళ్లు. మధ్యాహ్నం భోజనం కాగానే పడక కుర్చీలో వెనక్కి వాలి, ఒంటిచేత్తో పట్టుకుని రెండు గంటలు చదువుకుంటారు. దాని బరువు 290 గ్రాములే. కొత్తది కొనిస్తానంటే షాపుకి వచ్చి రెండు మూడు పట్టుకు చూశారు. అన్నీ పది, పదకొండు అంగుళాలవి. "చెయ్యి లాగేస్తోందమ్మా, నాకు నాదే బాగుంది" అన్నారు. డబ్బు గురించి కాదు, చెయ్యి గురించి.

ఈ ట్యాబ్‌కి కంపెనీ ఇచ్చిన చివరి ఆండ్రాయిడ్ 6.0.1. అక్కడితో అప్‌డేట్లు ఆగిపోయాయి. అయినా ఏళ్లపాటు బాగానే నడిచింది. తర్వాత ఒక్కొక్క సైటూ తెరుచుకోవడం మానేసింది. "మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు" అని ఎర్రగుర్తు. నాన్న రోజూ చదివే సాహిత్య పత్రికల పేజీలు రెండు అలాగే పోయాయి. ఆయన నాకు చెప్పలేదు. వారం రోజులు ఊరికే పాత ఫొటోలు చూసుకుంటూ కూర్చున్నారని అమ్మ చెప్పింది.

కారణం తర్వాత చదివి తెలుసుకున్నాను. సైటు అసలైనదేనని బ్రౌజర్‌కి చూపించే గుర్తింపు పత్రం లాంటిది సర్టిఫికెట్. చాలా సైట్లు లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఉచితంగా ఇచ్చే సర్టిఫికెట్లు వాడతాయి. ఆ సంస్థ మూల సర్టిఫికెట్‌ని ఆండ్రాయిడ్ గుర్తుపట్టడం 7.1.1 నుంచే మొదలైంది. అంతకన్నా పాతవాటి కోసం వేరే సంస్థ సంతకం మీద ఒక ఏర్పాటు నడిచింది. దాని గడువు 2024 సెప్టెంబర్ 30తో తీరిపోయింది. అంటే ట్యాబ్‌లో ఏ లోపమూ లేదు. తెర బాగుంది, బ్యాటరీ మూడు గంటలు వస్తోంది. దాని దగ్గరున్న నమ్మకస్తుల జాబితా పాతబడింది, అంతే.

ఇది తెలియక ముందు నేను విజయవాడలో ఒక మొబైల్ రిపేరు షాపుకి వెళ్లాను. తెనాలి నుంచి స్కూలుకి సెలవు పెట్టుకుని రైల్లో వెళ్లాను. పేరు చెప్పను. కౌంటర్‌లో ఉన్నాయన ట్యాబ్‌ని అటూ ఇటూ తిప్పి, "మదర్‌బోర్డు పోయింది మేడమ్" అన్నాడు. ఆన్ అయి ఉన్న ట్యాబ్‌ని చేతిలో పెట్టుకునే ఆ మాట అన్నాడు. సాఫ్ట్‌వేర్ మారిస్తే సరిపోతుందని చదివానండీ, లీనేజ్ లాంటిది వేస్తారా అని అడిగాను. పక్కనున్న కుర్రాడి వంక చూసి నవ్వి, "ఇవి మీకు అర్థమయ్యేవి కావులెండి. ఇంట్లో మగవాళ్లెవరైనా ఉంటే పంపండి, వాళ్లకి చెప్తాను" అన్నాడు. వెనక నలుగురు కస్టమర్లు ఉన్నారు. చూసినందుకు 200 తీసుకున్నాడు. ఇరవై రెండేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. నా దగ్గర చదువుకున్న పిల్లలు ఇంజినీర్లయ్యారు. తిరుగు రైల్లో కిటికీ వైపు మొహం తిప్పుకుని కూర్చున్నాను. దుగ్గిరాల దాటేసరికి నిర్ణయించుకున్నాను, నేనే చేస్తానని.

మొదటి అడ్డంకి కేబుల్. ట్యాబ్ ఆపి, పవర్ బటన్, వాల్యూమ్ తగ్గించే బటన్ కలిపి నొక్కితే ఫాస్ట్‌బూట్ తెర, అంటే ల్యాప్‌టాప్ నుంచి ట్యాబ్‌లోకి సాఫ్ట్‌వేర్ ఎక్కించే తెర వస్తుంది. పొట్ట తలుపు తెరుచుకుని పడుకున్న ఆకుపచ్చ రోబో బొమ్మ, కింద చిన్న అక్షరాలు. అక్కడిదాకా సులువే. ల్యాప్‌టాప్‌లో కమాండ్ కొడితే మాత్రం "వెయిటింగ్ ఫర్ ఎనీ డివైస్" అని ఆగిపోయింది. ఒక సాయంత్రమంతా అదే. చివరికి తెలిసిందేమిటంటే, బజార్లో వంద రూపాయలకి కొన్న నా కేబుల్ ఛార్జింగ్‌కి మాత్రమే పనికొస్తుంది, అందులో డేటా తీగలే లేవు. పాత ఫోన్ డబ్బాలో వచ్చిన కేబుల్ గుచ్చగానే ల్యాప్‌టాప్ టింగుమని మోగింది. విండోస్‌లోని డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు కనిపిస్తే గూగుల్ వాళ్ల యూఎస్‌బీ డ్రైవర్ వెయ్యాలి. దీనికి మాత్రం ఎవరి పాత ఫైళ్లూ తీసుకోకండి, గూగుల్ సైట్‌లోదే దించుకోండి.

ట్యాబ్ వెలగగానే మొదట నడిచి సిస్టమ్‌ని లేపే ప్రోగ్రామ్ బూట్‌లోడర్. దాన్ని అన్‌లాక్ చెయ్యడం ఒక్క నిమిషం పని. ఫాస్ట్‌బూట్ ఓఈఎం అన్‌లాక్ అని కొట్టి, ట్యాబ్ మీద ఎస్ ఎంచుకుని పవర్ నొక్కితే అయిపోతుంది. లోపల ఉన్నదంతా చెరిగిపోతుంది, ముందే తీసి పెట్టుకోవాలి. ఆ తర్వాత ట్యాబ్ వెలిగినప్పుడల్లా గూగుల్ పేరు కింద తెరిచిన తాళం బొమ్మ కనిపిస్తుంది. టీడబ్ల్యూఆర్‌పీ రికవరీ, అంటే కొత్త సిస్టమ్ వెయ్యడానికి వాడే చిన్న ప్రోగ్రామ్, ఎక్కించడం ఇంకో నిమిషం. ఒక్క జాగ్రత్త: ఎక్కించాక ట్యాబ్‌ని మామూలుగా ఆన్ కానివ్వకూడదు, నేరుగా రికవరీలోకే వెళ్లాలి. లేకపోతే పాత సిస్టమ్ తన రికవరీని మళ్లీ దాని మీద రాసేస్తుంది.

ఇక అసలు కథ.

లీనేజ్ 18.1 ఫైలు, అంటే ఆండ్రాయిడ్ 11, దించుకున్నాను. ఇన్‌స్టాల్ నొక్కి స్వైప్ చేశాను. రెండు సెకన్లలో ఎర్ర అక్షరాలు. అప్‌డేటర్ ప్రాసెస్ ఎర్రర్ 7తో ముగిసిందని.

ఎర్రర్ 7 అని వెతికితే దొరకని సలహా లేదు. ఒకరు ఫైలు సరిగ్గా దిగలేదంటారు. మళ్లీ దించాను, అదే ఎర్రర్. ఒకరు రికవరీ వెర్షన్ మార్చమంటారు. మూడు వెర్షన్లు మార్చాను, అదే ఎర్రర్. ఒకరు అన్నీ తుడిచి మళ్లీ వెయ్యమంటారు. తుడిచాను, అదే ఎర్రర్. వీడియోలైతే మరీ అన్యాయం. మొదటి నాలుగు నిమిషాలు సబ్‌స్క్రైబ్ చెయ్యమనడం, కష్టమైన చోట కట్ చేసి "చూశారుగా ఫ్రెండ్స్, సక్సెస్" అనడం. ఆ మధ్యలో ఏం చేశారన్నదే కదా మనకి కావలసింది!

ఎక్కువమంది చెప్పే సలహా ఇంకొకటి ఉంది. లీనేజ్ జిప్ ఫైలు తెరిచి, అందులో అప్‌డేటర్ స్క్రిప్ట్ అనే ఫైల్లో అసర్ట్ అని మొదలయ్యే వరస తీసేస్తే ఎర్రర్ 7 పోతుందని. అది కూడా చేశాను. నిజంగానే ఎర్రర్ 7 పోయింది. ఇన్‌స్టాలేషన్ మొదలైంది. గీత సగం దాకా వెళ్లింది. నేను కుర్చీ అంచుకి వచ్చేశాను. అక్కడ ఆగి, ఈసారి సిస్టమ్ ఇమేజ్ రాయడం కుదరలేదంటూ ఎర్రర్ 1. రీబూట్ చేస్తే గూగుల్ పేరు, తెరిచిన తాళం, ఇంకేమీ లేదు. పది నిమిషాలు చూశాను. ఇరవై నిమిషాలు చూశాను. అదే తాళం.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సైట్లు తెరుచుకోకపోయినా ఫొటోలైనా కనిపించే ట్యాబ్‌ని ఎందుకూ పనికిరాని ఇటుక చేసేశానని టెన్షన్. ఆ షాపు ఆయన నవ్వు పదే పదే గుర్తొచ్చింది. పొద్దున్నే నాన్న కాఫీ తాగుతూ "అయిందా అమ్మాయ్?" అన్నారు. ఇంకొంచెం ఉంది నాన్నా అన్నాను. ఆయన మళ్లీ అడగలేదు.

సాయంత్రం స్కూలు నుంచి వచ్చి, మొదటి నుంచీ ఒక్కొక్కటీ నోట్‌బుక్‌లో రాసుకుంటూ మళ్లీ మొదలుపెట్టాను. ముందు తెలుసుకున్నది, ఫాస్ట్‌బూట్ తెర వస్తున్నంతసేపూ ట్యాబ్ చచ్చిపోయినట్టు కాదు. సిస్టమ్ భాగం పాడైంది కానీ బూట్‌లోడర్, రికవరీ వేరే భాగాల్లో ఉంటాయి, వాటికేమీ కాలేదు. పైగా ఈ ట్యాబ్ అసలు సాఫ్ట్‌వేర్‌ని గూగుల్ తన సైట్‌లోనే పెట్టింది, రేజర్ అన్న పేరు కింద. ఏమీ కుదరకపోతే అది ఎక్కించి మొదటికి రావచ్చు. ఇది తెలిశాక చేతుల వణుకు తగ్గింది.

తర్వాత అసలు జిప్ ఫైలే, నేను మార్చనిది, మళ్లీ వేశాను. ఎర్రర్ 7 వచ్చింది. ఈసారి కిందున్న ఆ వరసని వదిలేసి, దానికి పైన సన్నగా ఉన్న వరసలన్నీ నోట్‌బుక్‌లో దించాను. అందులో ఒకటి: ఈ ప్యాకేజీ "ఫ్లోక్స్" పరికరాలకి, ఇది "ఫ్లో".

ఫ్లో అన్నది ఈ ట్యాబ్ లోపలి పేరు. నాకు ముందే తెలుసు. ఫైలు పేరులో ఉన్నది కూడా అదే అనుకుని చదివేశాను. దాని చివర ఇంగ్లిష్ అక్షరం ఎక్స్ ఒకటి ఎక్కువ ఉందని చూడలేదు. నాలుగు రోజులుగా నా కళ్ల ముందే ఉంది. తరగతిలో పిల్లలకి రోజూ చెప్పే మాటే ఇది: ఒత్తు వదిలేస్తే అన్నం కాస్తా అనం అయిపోతుంది, కలం ఆపి పదం మొత్తం చూడండిరా అని. ఎర్రర్ వచ్చినప్పుడు చివరి అంకె ఒక్కటే పట్టుకుని వెతక్కండి. దానిపైన ఉన్న వరసలన్నీ చదవండి. అంకె ఒకటే అయినా కారణాలు పది ఉంటాయి. నాకు సలహా చెప్పిన వాళ్లెవరికీ నా తెర మీద ఏముందో తెలియదు. నేనే చదవాలి.

ఎక్స్ ఎందుకో కూడా తెలిసింది. ఈ ట్యాబ్‌లో సిస్టమ్ కోసం కేటాయించిన చోటు సుమారు 840 ఎంబీ. 2013 నాటి ఆండ్రాయిడ్‌కి అది చాలింది. ఆండ్రాయిడ్ 11 అందులో పట్టదు. అందుకని ముందు లోపలి పార్టిషన్ల, అంటే స్టోరేజ్‌లోని భాగాల, హద్దులు జరిపి సిస్టమ్‌కి ఎక్కువ చోటు ఇవ్వాలి. అలా జరిపిన ట్యాబ్‌కే ఫ్లోక్స్ అని పేరు. ఫైలు ఈ ట్యాబ్ కోసమేనా అని చూసే ఆ అసర్ట్ వరస నన్ను అడ్డుకున్నది కాదు, కాపాడుతున్నది. నేను దాన్ని పీకేసి, పట్టని చోట పెద్ద సామాను తోశాను. సగంలో ఆగిపోయింది.

తెలిశాక పని గంట కూడా పట్టలేదు. హద్దులు మార్చే చిన్న జిప్ రికవరీ నుంచి వేశాను. ఈ ఒక్క మెట్టు దగ్గర మాత్రం బ్యాటరీ నిండుగా ఉండాలి, కేబుల్ కదపకూడదు. అది మధ్యలో ఆగితే నిజంగానే ప్రమాదం. తర్వాత ఫాస్ట్‌బూట్‌లోకి వచ్చి ఫ్లోక్స్ రికవరీ ఎక్కించాను. డేటా ఫార్మాట్ చేశాను. ల్యాప్‌టాప్ నుంచి కేబుల్ ద్వారా లీనేజ్ ఫైలు పంపే సైడ్‌లోడ్ పెట్టాను. ల్యాప్‌టాప్ మీద అంకె 47 శాతం దగ్గర ఆగింది. నా గుండె కూడా ఆగింది. భయపడకండి, అది అలాగే ఆగుతుంది, ట్యాబ్ మీద పూర్తయిందో లేదో చూసుకోవాలి. పూర్తయింది.

గూగుల్ యాప్స్ వెయ్యలేదు. నాన్నకి ప్లే స్టోర్‌తో పని లేదు, 2 జీబీ ర్యామ్‌లో ఆ బరువు లేకపోతేనే హాయి. మీకు కావాలంటే మొదటిసారి ఆన్ కాకముందే వెయ్యాలి, అది కూడా 32 బిట్ రకం, ఆర్మ్ అని ఉన్నది. ఆర్మ్64 దీనికి పనికిరాదు. ఉచిత యాప్‌లు దొరికే ఎఫ్‌డ్రాయిడ్ నుంచి ఫైర్‌ఫాక్స్ ఆధారంగా చేసిన ఫెనెక్ బ్రౌజర్ వేశాను. ఇంకో మాట, మీ బాధ సైట్లు తెరుచుకోకపోవడం ఒక్కటే అయితే ముందు పాత ఆండ్రాయిడ్‌కి నడిచే ఫైర్‌ఫాక్స్ వేసి చూడండి. అది సర్టిఫికెట్ల జాబితా తనతోనే తెచ్చుకుంటుంది. నాకు ఇది ముందు తెలిసినా లీనేజ్ వేసేదాన్నే. ఆ షాపులో ఆ మాట విన్నాక వెయ్యకుండా ఉండలేను.

రాత్రి పదకొండున్నరకి లీనేజ్ మొదలయ్యే తెరలో వంపు గీత మీద చిన్న వృత్తం అటూ ఇటూ తిరిగీ తిరిగీ, భాష ఎంచుకోమని తెర వచ్చింది. తెలుగు నొక్కాను. "స్వాగతం" అని వచ్చింది. ఇంట్లో అందరూ నిద్రపోయారు. వంటింట్లో లైటు వేసుకుని ఒక్కదాన్నే కూర్చుని ఆ మాట చూశాను.

ఈ రోజు పొద్దున నాన్నకి ఇచ్చాను. కళ్లజోడు పెట్టుకుని, ముందు ఒంటిచేత్తో పట్టుకుని బరువు చూశారు, అదేనా కాదా అన్నట్టు. ఆయన పత్రిక పేజీ తెరిచాను. ఎర్రగుర్తు లేదు. ఓ పేరా పైకి చదివి, ఆగి, "అమ్మాయ్, నేను గుర్తు పెట్టుకున్న పేజీలుండాలే?" అన్నారు. ఫొటోలు తీసి పెట్టాను కానీ బుక్‌మార్కులు తియ్యలేదు. చెరిగిపోయాయి నాన్నా, నా పొరపాటే అన్నాను. లేచి వెళ్లి బీరువాలోంచి తన డైరీ తెచ్చారు. ఒక్కో పేజీ పేరూ, చదివిన తారీఖూ వరసగా రాసి ఉన్నాయి. ఆయన చెబుతుంటే నేను ఒక్కొక్కటీ టైపు చేస్తున్నాను. పదకొండయ్యాయి, డైరీలో ఇంకా రెండు పేజీలున్నాయి.